మ్యాచ్ ఎవరు గెలిచినా... ఓడేది వంటిల్లే!

"ఎవరు గెలుస్తారంటావ్?"

ఇండియా, పాకిస్తాన్ మ్యాచ్ ఉందంటే చాలు, మా ఆదోనిలో పొద్దున్నే వినిపించే మాట ఇదే. పాలు పోసే అబ్బాయి అడుగుతాడు. ఉగ్గాని, బజ్జి పొట్లం కట్టే ఆయన అడుగుతాడు. మామూలు రోజుల్లో పత్తి ధర తప్ప మరో మాట ఎత్తని మా వారు కూడా ఆ రోజు కాఫీ గ్లాసు పట్టుకుని మా అబ్బాయిని అదే అడుగుతారు. వాడు పదో తరగతి. లెక్కల్లో అడిగితే నీళ్లు నములుతాడు గానీ, ఈ ప్రశ్నకు మాత్రం ఠకీమని జవాబు చెబుతాడు!

నేనూ ఈ సరదాలో పెరిగినదాన్నే. నా పుట్టిల్లు ఎమ్మిగనూరు, మాది మగ్గం ఉన్న ఇల్లు. మాచాని సోమప్ప గారు 1938లో నేతగాళ్ల కోసం సహకార సంఘం పెట్టిన ఊరది. 1996 మార్చి 9న బెంగళూరులో ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్ జరిగినప్పుడు నేను చిన్నపిల్లని. మా ఇంట్లో టీవీ లేదు. వీధి వీధంతా ఒకే ఇంటి పంచలో కూర్చున్నాం. అజయ్ జడేజా చివర్లో బాదిన బాదుడు, అమీర్ సొహైల్ బ్యాట్ చూపించి బెదిరించడం, ఆ వెంటనే వెంకటేశ్ ప్రసాద్ అతని వికెట్ ఎగరగొట్టడం... ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంది. 39 పరుగులతో గెలిచాం. అందరం ఎగిరి గంతులేస్తుంటే మా జేజి మాత్రం గడప దగ్గర కూర్చుని, "వాళ్లు గెలిస్తే మనకేమొస్తాదే?" అంది. మేమంతా నవ్వాం. పాపం ముసలిదానికేం తెలుసు అనుకున్నాం.

ఆ ప్రశ్నకు జవాబు నాకు 2025 సెప్టెంబర్ 29న, సోమవారం పొద్దున దొరికింది.

ముందు రోజు దుబాయ్‌లో ఆసియా కప్ ఫైనల్. అవతల దసరా దగ్గర పడింది, ఇల్లంతా దుమ్ము దులుపుకుంటున్నాం. అయినా రాత్రి అందరం టీవీ ముందే. మన తెలుగు కుర్రాడు తిలక్ వర్మ 69 పరుగులు చేసి చివరిదాకా నిలబడి గెలిపించాడు. వీధిలో టపాకాయలు పేలాయి. మరుసటి రోజు చెత్త ఊడుస్తుంటే ఎమ్మిగనూరు నుంచి మా మరదలు ఫోన్.

"వదినా, మీ తమ్ముడు రాత్రి నుంచి ముద్ద ముట్టలేదు. పిల్లల ఫీజుకని బీరువాలో దాచిన డబ్బు కనిపించడం లేదు. అడిగితే గోడ వైపు తిరిగి పడుకున్నాడు..."

"మనోళ్లు గెలిచినారు కదమ్మా, వాడు మనోళ్ల మీదే కట్టి ఉంటాడు కదా?" అన్నాను. చూశారా! డబ్బు పోయిందని చెబుతుంటే నా నోట వచ్చిన మొదటి మాట అది. తమ్ముడు పందెం కాస్తాడని నాకు తెలుసన్న సంగతి ఆ మాటతోనే బయటపడిపోయింది. మరదలు కాసేపు మాట్లాడలేదు.

తర్వాత తెలిసింది. వాడు మ్యాచ్‌కు ముందు మన జట్టు మీదే పదివేలు కట్టాడు. పాకిస్తాన్ ఒక వికెట్ నష్టానికి 113 దగ్గర ఉన్నప్పుడు వాడికి గుండె దడ. వాళ్లు 146కు కుప్పకూలాక ఊపిరి తీసుకున్నాడు. తీరా మనవాళ్లు 20 పరుగులకే 3 వికెట్లు పోగొట్టుకునేసరికి, "అయిపోయింది, పదివేలు పోయినట్టే" అని భయపడి, పోయినది రాబట్టుకుందామని అవతలి జట్టు మీద ఇరవై వేలు కట్టాడు. మన జట్టు గెలిచింది. ముందు కట్టిన దాని మీద వచ్చింది నాలుగు వేలు. తర్వాత కట్టింది పోయింది ఇరవై వేలు. అంటే వాడి జోస్యం నిజమైంది, వాడి బీరువా మాత్రం ఖాళీ అయింది!

నేను డిగ్రీ చదివినదాన్ని, నాలుగు కథలు రాసినదాన్ని. వాడి మీద కోపం తీరాక కూర్చుని ఆలోచించాను. అసలు ఈ రెండు దేశాల మధ్య ఎవరు గెలుస్తారో చెప్పడం ఎవరి తరమైనా అయిందా?

చరిత్ర చూడండి. 1954-55లో మన జట్టు పాకిస్తాన్ వెళ్లి ఐదు టెస్టులు ఆడితే ఐదూ డ్రా. 1960-61లో వాళ్లు ఇక్కడికి వస్తే మళ్లీ ఐదుకు ఐదూ డ్రా. 1982-83లో అక్కడ 3-0తో చిత్తుగా ఓడిన మనవాళ్లే, 1983 జూన్‌లో ప్రపంచకప్ ఎత్తుకొచ్చారు. 2005లో వాళ్లు మన దేశానికి వచ్చినప్పుడు మొదటి రెండు వన్డేలు మనవే. రెండోది మన విశాఖపట్నంలోనే, ధోనీ 148 పరుగులు కొట్టిన మ్యాచ్. అప్పుడు అడిగి ఉంటే ఊరంతా మనదే సిరీస్ అని ఉండేది. తర్వాత నాలుగూ వరుసగా వాళ్లే గెలిచి 4-2తో సిరీస్ పట్టుకుపోయారు. 2017 చాంపియన్స్ ట్రోఫీలో జూన్ 4న 124 పరుగులతో మనం గెలిచాం. రెండు వారాల తర్వాత ఫైనల్లో అదే జట్టు చేతిలో 180 పరుగులతో ఓడాం.

"వన్డే ప్రపంచకప్‌లో ఎప్పుడూ మనమే కదా" అని మా అబ్బాయి వాదిస్తాడు. నిజమే. 1992 నుంచి 2023 దాకా ఎనిమిదిసార్లు తలపడితే ఎనిమిదిసార్లూ మనమే. అలాంటి లెక్కే ఇరవై ఓవర్ల ప్రపంచకప్‌లోనూ ఉండేది. 2021లో దుబాయ్‌లో పది వికెట్ల తేడాతో అది కాస్తా చెరిగిపోయింది. పైగా 2012-13 తర్వాత రెండు దేశాలూ ఒకరింటికి ఒకరు వెళ్లి సిరీస్ ఆడిందే లేదు. అప్పుడప్పుడూ కొన్ని మ్యాచ్‌లు. ఎప్పుడో ఒకసారి కలిసే వాళ్ల బలాబలాలు ఎలా అంచనా కట్టడం?

మా వారు పత్తి కమీషన్ కొట్లో గుమాస్తా. ఏళ్లుగా ఆదోని యార్డులో పత్తి చూస్తున్న మనిషి. "రేపటి ధర ఎంతండీ" అంటే, "అది తెలిస్తే నేను గుమాస్తాగా ఎందుకుంటాను?" అంటారు. చేత్తో పట్టుకుని చూసే పత్తి సంగతే అలా ఉంటే, వేల మైళ్ల అవతల ఎవడో విసిరే బంతి సంగతి మన తమ్ముళ్లకు ఎలా తెలుస్తుంది?

"మరి రైతు చేసేది జూదం కాదా అక్కా? వాన పడుతుందని విత్తనం వేయడం లేదా?" అన్నాడు మా తమ్ముడు, నేను నిలదీసినప్పుడు. తెలివైన మాటే. మన పడమటి తాలూకాల్లో వానను నమ్ముకోవడం జూదం లాంటిదే. కానీ ఒక తేడా ఉంది. రైతు ఓడినా చేలో గడ్డయినా మిగులుతుంది, గెలిస్తే పది ఇళ్లకు పని దొరుకుతుంది. పందెంలో గెలిచినవాడి చేతికి వచ్చేది మరో ఇంట్లోంచి పోయిన డబ్బే. కొత్తగా ఒక్క గింజ పండదు, ఒక్క మూర బట్ట తెగదు.

ఆ వచ్చేది కూడా పూర్తిగా రాదు. లెక్క చూడండి. ఇద్దరు చెరో జట్టు మీద వెయ్యి కట్టారనుకుందాం. గెలిచినవాడికి బుకీ తన వెయ్యితో పాటు మరో తొమ్మిది వందలే ఇస్తాడనుకుందాం. రెండు వేలు వచ్చాయి, పందొమ్మిది వందలు పోయాయి, వంద బుకీ జేబులో. ఏ జట్టు గెలిచినా ఆ వంద వాడిదే. సగం సార్లు మీ మాట నిజమైనా, వెయ్యికి సగటున యాభై చొప్పున కరిగిపోతూనే ఉంటాయి. క్రికెట్ చూడకుండానే క్రికెట్‌లో గెలిచేవాడు వాడొక్కడే! బంతి బంతికీ రేటు మార్చేదీ అందుకే. మనిషి భయపడి, ఆశపడి, మళ్లీ మళ్లీ కట్టాలని.

చట్టం లేదా అంటారా? ఉంది. మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది. 2020లో ఆన్‌లైన్ ఆటలనూ దాని కిందికి తెచ్చారు. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. కానీ రెండు నెలలు తిరగకుండానే మా తమ్ముడు ఫోన్‌లో ఎవరికో డబ్బు పంపించి పందెం కట్టాడు. చట్టం మన గడప దాకా వస్తుంది. బీరువా తలుపు దగ్గర కాపలా కాయాల్సింది మనమే.

మరి మనం ఏం చేస్తున్నాం? ఇక్కడ నా తప్పు నేను ఒప్పుకోవాలి. 2023 అక్టోబర్‌లో అహ్మదాబాద్ మ్యాచ్ మీద వాడు మూడు వేలు గెలిచాడు. పెళ్లానికి చీర, మాకు కిలో మిఠాయి తెచ్చాడు. నేను ఆ మిఠాయి తిన్నాను. "మా తమ్ముడి నోట మాట పడితే తిరుగులేదు" అని మా అత్తగారి ముందు మురిసిపోయాను. తర్వాత ఒకసారి వాడు డబ్బు పోగొట్టుకుని దొంగచాటుగా అడిగితే, కథకు వచ్చిన పారితోషికం, చీటీ డబ్బు కలిపి ఇచ్చాను. "నాన్నకు చెప్పొద్దు" అంటే చెప్పలేదు. మరదలికీ చెప్పలేదు. పరువు అనుకున్నాను. నిజానికి నేను కప్పింది వాడి పరువు కాదు, వాడి పందేన్ని.

గెలిచినప్పుడు మిఠాయి తిని, ఓడినప్పుడు గాజులు తీసి ఇచ్చే మనమే ఈ జూదానికి పెట్టుబడి. కాదంటారా?

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ "ఎవరు గెలుస్తారు" ప్రశ్న అందరినీ ఒకేలా అడగరు. మా పక్కింటి ఆపా కొడుకు, మా అబ్బాయి ఒకే క్లాసు. ఆటలో వాడికున్న జ్ఞానం మావాడికి సగం కూడా లేదు. అయినా పాకిస్తాన్ మ్యాచ్ రోజు వాడు నోరు విప్పడు. "ఈ రోజు వాళ్ల బౌలింగ్ బాగుంది" అని మావాడంటే అది విశ్లేషణ. అదే మాట వాడంటే అనుమానం! ఒకసారి ఎవరో పెద్దమనిషే నవ్వుతూ, "ఏమిరా, నీకు ఎవరు గెలవాలని ఉంది?" అని అడిగాడట. వాడు ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాడని ఆపా నాతో చెప్పి కళ్లు తుడుచుకుంది. ఏ బిడ్డ దేశభక్తికైనా స్కోరుబోర్డు కొలత అవుతుందా? ఆదోనిలో పుట్టి, మనతో పాటు అదే కుళాయి నీళ్ల కోసం ఎదురుచూస్తూ పెరిగిన పిల్లాడిని అలా అడగడానికి మనకు నోరెలా వస్తుంది?

మా తమ్ముడి సంగతి ఏమైందంటారా? ఈసారి వాడి చేతికి ఒక్క రూపాయి ఇవ్వలేదు. గంట సేపు బస్సులో కూర్చుని ఎమ్మిగనూరు వెళ్లి, నాన్న, అమ్మ, మరదలు అందరి ముందూ మొదటిసారి డబ్బిచ్చిన సంగతితో సహా చెప్పేశాను. తమ్ముడు తల ఎత్తలేదు. నాన్న చాలాసేపు మగ్గం వైపు చూస్తూ కూర్చున్నాడు. "పోగు తెగితే అప్పుడే ముడేయాల. తెగినది కనపడకుండా నేసుకుంటా పోతే గుడ్డంతా పాడైతాది" అన్నాడు. అంతే, ఇంకేం తిట్టలేదు. పిల్లల ఫీజు నేనూ మరదలూ కలిసి వెళ్లి కట్టాం. నేను పెట్టింది అప్పుగానే. తమ్ముడు నెలనెలా తీర్చాలి. జీతం వచ్చిన రోజు డబ్బు మరదలి ఖాతాలో వేయాలని నాన్న మాట తీసుకున్నాడు. మానేశాడా అంటే, ఈ రోజు వరకూ మానేశాడు. రేపటి సంగతి చెప్పను. జోస్యాలు చెప్పడం నేనూ మానేశాను!

ఆ ఫైనల్ జరిగిన వారానికే, అక్టోబర్ 5న ఆదివారం, కొలంబోలో మళ్లీ ఇండియా, పాకిస్తాన్. ఈసారి ఆడింది ఆడపిల్లలు, ప్రపంచకప్‌లో. మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఆ జట్టులో ఉంది. మా అత్తగారు, ఆపా, ఆమె కొడుకు, మావాడు, నేను అందరం ఒకే గదిలో కూర్చుని చూశాం. మా వీధిలో ఎవరూ పందెం కట్టిన జాడ లేదు. మనవాళ్లు 88 పరుగులతో గెలిచారు. శ్రీచరణి బంతి వేసినప్పుడల్లా ఆపా కొడుకు ముందుకు వంగి, బంతి ఎటు తిరుగుతుందో మా అత్తగారికి వివరంగా చెప్పాడు. ఆవిడ ఏమర్థమైందో గానీ, "బాగా చెప్తాడమ్మా ఈ పిల్లోడు" అని వాడి తల నిమిరింది. నవంబర్ 2న ఆ అమ్మాయిలే ప్రపంచకప్ గెలిచారు.

అంతసేపూ మా ఇంట్లో ఎవరి గుండే దడదడలాడలేదు, ఎవరూ గోడ వైపు తిరిగి పడుకోలేదు. ఆట ఆటలా ఉంటే ఎంత హాయిగా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

అక్కలారా, చెల్లెళ్లారా! ఈసారి మ్యాచ్ రోజు మీ ఇంట్లో ఎవరైనా "ఎవరు గెలుస్తారు" అని అడిగితే, మా జేజి అడిగిన ప్రశ్న మీరు తిరిగి అడగండి. "గెలిస్తే మనకేమొస్తుంది?" సంతోషం అంటే టీవీ ముందు మీరూ కూర్చోండి. డబ్బు అంటే... ముందు లేచి బీరువా తాళం చూసుకోండి.