నరముల వ్యాధి – వంశపు పాలు

నాయుడుపేటనుండి యొక తల్లి మాకు వ్రాసినది: పెద్దకూతురికి మల్టిపుల్ స్క్లిరోసిస్ అని తేలగానే, వంశరోగమని చిన్నదాని సంబంధము తప్పించుకొనిరట.

ఈ వ్యాధిలో రోగనిరోధకశక్తియే మెదడు, వెన్నుపాములయందలి నరముల మైలిన్ పొరను చెఱచును. పురుషులకంటె స్త్రీలకే యిది హెచ్చు. వంశపు పాలు కలదు, కాదనము. కాని పాశ్చాత్యుల లెక్కలలో, ఒకే పిండమునుండి పుట్టిన కవలలలో నొకరికి వచ్చినను, రెండవవారికి పెక్కుమార్లు రాదు. తక్కిన తోబుట్టువులకు నూటికి ఇద్దరు ముగ్గురకే వచ్చును. ఈమాత్రమునకే పెండ్లి మానుదురా!

వ్యాధి వచ్చుట వేరు, వచ్చినది ముదురుట వేరు. 2023లో 22,000 మందికి పైగా రోగులను పరిశీలించి, ముదురుటతో సంబంధముగల జన్యుభేదము నొకదానిని కనుగొనిరి. తల్లినుండియు తండ్రినుండియు అది సంక్రమించినవారికి నడకకు ఊతకఱ్ఱ సుమారు నాలుగేండ్లు ముందుగా కావలసివచ్చుచున్నదట. పొగత్రాగుటయు వ్యాధిని ముదిరించునని ఆ పరిశోధనయే సూచించినది. అయితే వారందఱు ఐరోపా సంతతివారు; మేనరికములు గల మన కుటుంబములకు ఆ లెక్కను యథాతథముగా అన్వయింపరాదు.

అమ్మా, పెద్దమ్మాయికి చూపు మసకబాఱినను, కాళ్లు తిమ్మిరెక్కినను ఆలసింపక నరముల వైద్యునికి చూపుడు. మందులు వ్యాధిని నయము చేయలేకున్నను, పలువురిలో దాని వేగమును తగ్గించుచున్నవి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమునందు ఈ వ్యాధియు చేర్పబడినది.