చేతితొడుగుల వాడి కొడుకు నాటకాలు రాయకూడదా?

పోయిన నెల మా బళ్ళారిలో ఒక సాహిత్య సభ జరిగింది. మనం మామూలుగా 'అసలు తెలుగునాడు' అనుకునే చోటినుంచి వచ్చిన ఒక వక్త గంటసేపు ధారాళంగా మాట్లాడారు. సారాంశం ఏమంటే, షేక్స్‌పియర్ నాటకాలు షేక్స్‌పియర్ రాసినవి కావట. అతను చిన్న వూరివాడు, విశ్వవిద్యాలయం గడప తొక్కనివాడు, చేతితొడుగులు కుట్టి అమ్మేవాడి కొడుకు. అలాంటివాడికి రాజసభల మర్యాదలు, ఇటలీ నగరాలు, కోర్టు వ్యవహారాలు, లాటిను కావ్యాలు ఎలా తెలుస్తాయి? వెనక ఎవరో పెద్దింటి ప్రభువు వుండి తీరాలట. సభ చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. ఇంటికి వచ్చాక సిగ్గేసింది. ఎందుకు సిగ్గేసిందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ముందుగా ఒక సంగతి గమనించాలి. షేక్స్‌పియర్ 1616లో పోయాడు. ఆ తరవాత రెండు వందల యేళ్ళపాటు ఈ అనుమానానికి ఎక్కడా బలం లేదు. 1857లో డీలియా బేకన్ అనే అమెరికా మహిళ పెద్ద గ్రంథం రాసి, ఈ నాటకాలు ఫ్రాన్సిస్ బేకన్, వాల్టర్ రాలీ వంటి పెద్దల కూటమి పని అన్నది. ఇంటిపేరు ఒకటే గాని బేకన్‌కు ఈమె చుట్టమేమీ కాదు. అంతకుముందు యేడు ఒక రాత్రి స్ట్రాట్‌ఫర్డ్ చర్చిలో సమాధి దగ్గర లాంతరు పెట్టుకుని కూర్చుంది. రాయి ఎత్తకుండానే తిరిగి వచ్చింది. 1888లో ఇగ్నేషియస్ డానెలీ నాటకాల్లో బేకన్ దాచిన రహస్య సంకేతాలు కనిపెట్టానన్నాడు. 1920లో లూనీ అనే ఇంగ్లీషు బడిపంతులు బేకన్‌ను పక్కకు నెట్టి, ఆక్స్‌ఫర్డు ప్రభువు ఎడ్వర్డ్ డి వియర్‌ను పీట మీద కూర్చోబెట్టాడు. ఆ మాట నమ్మినవారిలో ఫ్రాయిడ్ వున్నాడు. 1909లో మార్క్ ట్వేన్ కూడా స్ట్రాట్‌ఫర్డ్ వాడిని శంకించాడు. 2011లో దీనిమీద సినిమా కూడా వచ్చింది. పేర్లు పెద్దవే. పెద్దవాళ్ళు తప్పు మాట్లాడితే తప్పు ఒప్పయిపోదు.

డి వియర్ ప్రభువు 1604 జూన్‌లో చనిపోయాడు. 'మాక్బెత్' 1606 ప్రాంతపు నాటకమని పండితులు లెక్క కట్టారు. 1609లో బెర్ముడా దగ్గర ఒక ఇంగ్లీషు ఓడ చిక్కుకుపోయింది, ఆ కబురు మరుసటి యేడు లండన్ చేరింది. దాని జాడలు 'టెంపెస్ట్'లో వున్నాయంటారు. మరి చచ్చిపోయిన ప్రభువు నాటకాలెలా రాశాడయ్యా అంటే, ముందే రాసి పెట్టె నింపిపోయాడు, తరవాత ఒక్కొక్కటే బయటికి తీశారు అని జవాబు. మార్లో పక్షంవారిది ఇంకా చిత్రం. అతన్ని 1593 మే 30న డెట్‌ఫర్డ్‌లో కత్తితో పొడిచి చంపారు. శవపంచాయతీ కాగితం 1925లో దొరికింది కూడా. అయినా చావు నాటకమేనట, బతికి చాటుగా రాశాడట! మోకాలికీ బోడిగుండుకీ ముడి వేయడమంటే ఇదే.

ఇటు పక్క సాక్ష్యం చూడండి. 1592లో రాబర్ట్ గ్రీన్ పేరుతో వచ్చిన పుస్తకంలో, ఎవరో నటుడు తమ ఈకలు పెట్టుకుని కవిగా ఎగురుతున్నాడని, అతని పేరు మీద శ్లేష వేసి మరీ తిట్టారు. అసూయపడేవాడు లేని మనిషి మీద పడడు. 1593లో, 1594లో రెండు కావ్యాలు అతని సంతకంతో కూడిన అంకితాలతో అచ్చయ్యాయి. అచ్చు వేసిన రిచర్డ్ ఫీల్డ్ కూడా స్ట్రాట్‌ఫర్డ్ వాడే, తోళ్ళు పదును చేసేవాడి కొడుకు. 1598లో ఫ్రాన్సిస్ మియర్స్ పన్నెండు నాటకాల పేర్లు చెప్పి, ఇవి షేక్స్‌పియర్‌వి అని రాశాడు. అదే పుస్తకంలో డి వియర్ పేరు కూడా వేరే కవిగా వుంది. షేక్స్‌పియర్ తన వీలునామాలో హెమింగ్స్, బర్బేజ్, కాండెల్ అనే తోటి నటులకు ఉంగరాలు చేయించుకోమని డబ్బు రాశాడు. వారిలో హెమింగ్స్, కాండెల్ 1623లో 36 నాటకాలు కూర్చి పెద్ద సంపుటం అచ్చు వేయించారు. అందులో బెన్ జాన్సన్, 'ఏవన్' నది పేరు చెప్పి మరీ, మిత్రుణ్ణి తలుచుకుని పద్యం రాశాడు. ఇంతమంది, ఇన్నేళ్ళు, కూడబలుక్కుని అబద్ధమాడారా? రంగస్థలం మనుషుల్ని ఎరిగినవాడెవడూ ఆ మాట నమ్మడు. నాటక సమాజంలో రహస్యం మూడు రోజులు నిలవదు.

ప్రతిపక్షం మాటలో నిజమున్నంత మేర ఒప్పుకోవాలి. అతని చేతిరాతలో నాటకమేదీ పూర్తిగా లేదు. వీలునామాలో పుస్తకాల ఊసు లేదు. సంతకాలు ఆరే దొరికాయి. అయితే ఆ కాలపు నాటకకర్తలలో ఎందరి రాతప్రతులు దొరికాయి? నాటకం అప్పుడు సమాజం సొత్తు, కవి పెట్టెలో వుండేది కాదు. ఆ వూరి బడి పట్టీలో అతని పేరు లేదంటారు. ఆ యేళ్ళ పట్టీలే మిగలలేదు, కాబట్టి ఎవరి పేరూ లేదు. తండ్రి చేతితొడుగుల వ్యాపారే, కాని 1568లో ఆ పట్టణానికి పెద్దగా వున్నవాడు. అలాంటివారి పిల్లలు చదివే బడిలో పొద్దున్నుంచి సాయంత్రందాకా లాటినే. 'మెర్రీ వైవ్స్' నాటకంలో ఒక పంతులు పిల్లవాడికి లాటిను వ్యాకరణం అప్పజెప్పించే ఘట్టం వుంది. ఆ పిల్లవాడి పేరు విలియం. అదే నాటకంలో గడ్డాన్ని చేతితొడుగులవాడి కత్తితో పోల్చాడు. ఈ పోలిక ఏ ప్రభువుకు తడుతుంది? ఇటలీ తెలిసిన మహానుభావుడే రాసి వుంటే, 'వింటర్స్ టేల్'లో సముద్రం లేని బొహీమియాకు సముద్రతీరం ఎందుకు పెడతాడు?

అసలు కిటుకు ఇక్కడుంది. మార్లో చెప్పులు కుట్టేవాడి కొడుకు. బెన్ జాన్సన్ ఇటుకపని మేస్త్రీ ఇంట పెరిగాడు, విశ్వవిద్యాలయంలో చదవలేదు, అయినా ఆ కాలపు మహాపండితుల్లో ఒకడు. వీళ్ళ రాతలు వీళ్ళవి కావని ఎవరూ అనరే? శిఖరం మీద కూర్చున్నవాడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం పుట్టుక గుర్తొస్తుంది. కనుక ఇది 'ఎవరు రాశారు' అనే ప్రశ్న కాదు. 'ఎవరికి రాసే అర్హత వుంది' అనే ప్రశ్న, వేషం మార్చుకుని వచ్చింది.

రచన ఎవరిదని వెతకడం తప్పనడం లేదు. ఆ పని నిజాయితీగా చేసేవారున్నారు. 'టూ నోబుల్ కిన్స్‌మెన్' 1634లో అచ్చయినప్పుడే ఫ్లెచర్, షేక్స్‌పియర్ ఇద్దరి పేర్లూ వేశారు. 2016లో ఆక్స్‌ఫర్డ్ కొత్త సంపుటం 'ఆరవ హెన్రీ' నాటకాల్లో మార్లో చెయ్యి కూడా వుందని తేల్చింది. దానిమీదా వాదోపవాదాలున్నాయి. కాని వీళ్ళు వాక్యం చూస్తారు, మాటల వాడుక చూస్తారు. వాళ్ళు తండ్రి వృత్తి చూస్తారు. తేడా అదీ.

ఇంగ్లండు గొడవ మనకెందుకని మీరనవచ్చు. ఇది మన గొడవే. తెలుగు నాటకానికి పితామహుడని పేరుపొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు, ఆయనతో పోటీపడిన కోలాచలం శ్రీనివాసరావు, ఇద్దరూ మా బళ్ళారిలో వకీళ్ళు. షేక్స్‌పియర్ పాత్రలు ధరించి పెద్ద పేరు తెచ్చుకున్న రాఘవ ఇక్కడివాడే. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలోకి వెళ్ళింది. ఆ యేటినుంచి మన తెలుగు మీద అనుమానం మొదలైంది. గీత మారింది గాని నాలుక మారలేదని ఎంత చెప్పినా వినేవారు తక్కువ. పెరటిచెట్టు మందుకు పనికిరాదంటారు. మనం పెరటిచెట్టు కూడా కాదు, ప్రహరీ అవతలి చెట్టు.

మా పేటలో జీన్సు పాంట్లు కుట్టే దర్జీ కొడుకు ఒకడున్నాడు. బడిలో చదివింది కన్నడం. తెలుగు వాళ్ళ అవ్వ నోటివెంట నేర్చాడు, చదవడం రాయడం తనంతట తాను పట్టుకున్నాడు. ఒక కథ రాసి అటువైపు పత్రికకు పంపాడు. పేరు అనవసరం. కథ బాగుందని జవాబు వచ్చింది. దాని కిందనే ఇంకొక వాక్యం: ఇంత తెలుగు మీ ప్రాంతంలో వుండడం ఆశ్చర్యంగా వుంది, ఇది సొంత రచనేనని ఎవరైనా పెద్దలచేత రాయించి పంపండి. వాడు ఆ ఉత్తరం పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "సార్, నేనే రాసినానని మీరొక సంతకం పెట్టిస్తారా?" అన్నాడు. పెట్టాను. సభలో చప్పట్లు కొట్టింది ఆ తరవాత వారం రోజులకే. నా సిగ్గుకు కారణం అది.

ఆ సంతకం పెట్టకుండా వుండవలసింది. కథలో దర్జీ మిషను చప్పుడు వుంది, కాజాలు కుట్టే ఆడవాళ్ళ మాటలున్నాయి, సగం కన్నడం కలిసిన మా తెలుగు వుంది. వాడు రాశాడనడానికి అంతకన్న సాక్ష్యమేం కావాలి? సంపాదకుడు గారు కథ చదివి వుంటే నా సంతకం అడిగేవారు కాదు.

బళ్ళారిలో, హొసూరులో, బరంపురంలో, యానాంలో ఈ పత్రిక చదివే మిత్రులకు ఒక్క మనవి. ఈసారి ఎవరైనా వేదికెక్కి, ఫలానావాడు అంత గొప్పగా ఎలా రాయగలడని అడిగితే, చప్పట్లు కొట్టేముందు ఆగి, "ఎందుకు రాయలేడో చెప్పండి" అని అడగండి. జవాబులో వాక్యం గురించి ఏమైనా చెబితే వినండి. వూరి గురించీ, తండ్రి పని గురించీ చెబితే లేచి ఇంటికి రండి.