అది చాడీ కాదు

 

ఈసారి గోడపత్రికకు ఏదైనా రాయమన్నారు. నా మనసులో చాలా రోజుల నుంచి ఉన్న సంగతి రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి.

నేను ఆరో తరగతి వేరే ఊరి హాస్టల్లో చదివినాను. అక్కడ నా పెట్టె పక్కన ఒక చిన్న పిల్లోని పెట్టె ఉండేది. వాడు మా పక్క తండావాడే. సంక్రాంతి పోగానే వాళ్ల అమ్మానాయన సుగ్గికి, గుంటూరు పక్క మిరప కోతలకు పోయినారు. పెద్ద పిల్లోళ్లు ఇద్దరు రాత్రిపూట వానితో బట్టలు ఉతికించుకునేవారు. ఉతకనంటే బెల్టుతో కొట్టేవారు. నేను దుప్పటి కప్పుకొని నిద్రపోయినట్టు పడుకునేవాణ్ణి. ఒకనాడు వాని వీపు మీద వాతలు చూసి అక్కడి సార్ నన్ను "ఏమైందిరా?" అని అడిగినారు. "మెట్ల మీద పడినాడు సార్" అన్నాను. వాడు నా మొగం చూసినాడు గానీ ఏమీ అనలేదు.

మూడు రోజులకు వాడు గోడ దూకి తండాకు పోయినాడు. ఇంటికి బీగం వేసి ఉంది. పక్కింటి అవ్వ ఇంత సంగటి పెట్టి, వాళ్ల ఇంట్లో పండబెట్టుకునింది. వాడు మళ్లీ బడికి రాలేదు. ఇప్పుడు మేకలు కాస్తున్నాడు. కొట్టింది పెద్దోళ్లే, కానీ వాని చదువు పోయినదాంట్లో నా అబద్ధం కూడా ఉంది.

ఎందుకు చెప్పలేదంటే, "వీడు చాడీలు చెప్తాడు" అని అందరూ నన్ను దూరం పెడతారని భయం. ఇప్పుడు నా అభిప్రాయం ఏమంటే చాడీ వేరే, ఇది వేరే. ఒకనికి దెబ్బలు పడాలని చెప్పేది చాడీ. ఒకనికి పడే దెబ్బలు ఆగాలని చెప్పేది చాడీ ఎట్లా అవుతుంది? మనలో చాలామంది ఇండ్లకు సుగ్గి కాలంలో బీగాలే ఉంటాయి. అప్పుడు మనకు మనమే అన్నదమ్ములం, అక్కచెల్లెళ్లం.

2017 ఆగస్టులో కర్నూలులో ఒక రెసిడెన్షియల్ స్కూలు హాస్టల్లో మన సుగాలి పిల్ల ఒకామె చనిపోయింది. అమ్మానాయన న్యాయం కోసం ఏళ్ల తరబడి తిరిగినారు. ఆ పిల్ల పేరు నేను ఇక్కడ రాయడం లేదు. అట్లాంటి కష్టం వచ్చిన పిల్లల పేర్లు బయట పెట్టకూడదని చట్టం ఉంది. మన గోడపత్రికకైనా అదే నియమం.

ఆ చట్టం పేరు పోక్సో. 2012లో వచ్చింది. 18 ఏళ్ల లోపు పిల్లల మీద ఎవరైనా చెడుగా చేయి వేస్తే, తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. దాచిన పెద్దోళ్లకు ఆరు నెలల దాకా జైలు. తన కింద పనిచేసేవాని తప్పును సంస్థ పెద్ద దాస్తే ఏడాది దాకా. చెప్పలేదని పిల్లలకు మాత్రం శిక్ష లేదు. మంచి మనసుతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదు. పిల్లల దగ్గర వివరం రాసుకునేటప్పుడు పోలీసులు యూనిఫాం వేసుకోకూడదు. రాత్రిపూట పిల్లల్ని స్టేషన్లో ఉంచకూడదు. కాబట్టి పోలీసులంటే భయపడవద్దు.

ఇంకొకటి 1098 నంబరు. 1996లో ముంబైలో పిల్లల కోసం మొదలైంది. పగలూ రాత్రీ పలుకుతుంది, డబ్బులు పడవు. కొట్టినా, పెండ్లి చేస్తామని బడి మాన్పించినా, ఏ కష్టమైనా చెప్పుకోవచ్చు.

వార్డెన్ సార్ గారికి మూడు మనవులు. మా దగ్గర సెల్లులు లేవు. 1098 నంబరును భోజనాల దగ్గర గోడ మీద పెద్దగా రాయించండి, "ఎందుకు?" అని అడగకుండా ఫోన్ చేసుకోనివ్వండి. రెండోది, ఫిర్యాదుల పెట్టె పెట్టి, దాని బీగంచెవి హాస్టల్ వాళ్ల దగ్గర కాకుండా బయటివాళ్ల దగ్గర ఉంచండి. మీ మీద నమ్మకం లేక కాదు. హాస్టల్లోవాళ్ల మీదనే చెప్పాల్సి వస్తే చిన్నపిల్లలకు ధైర్యం చాలదు. మూడోది, ఎవరైనా వచ్చి చెప్తే అందరి ముందర అడగవద్దు. "హాస్టల్ పరువు పోతుంది" అనవద్దు. "చెప్పి మంచి పని చేసినావు" అని మొదట అనండి. ఆ ఒక్క మాటతో సగం భయం పోతుంది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! అడగందే అమ్మైనా పెట్టదు అంటారు. చెప్పందే కాపాడేవాళ్లకు మాత్రం ఎట్లా తెలుస్తుంది? ఒకరికి చెప్తే వినకపోతే ఇంకొకరికి చెప్పండి. వినేవాళ్లు దొరికేదాకా చెప్పండి.

ఈసారి నన్ను ఎవరైనా "ఏమైందిరా?" అని అడిగితే, మెట్ల మీద పడినాడని చెప్పను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి,
పత్తికొండ