జడ పట్టుకోవడం పట్టు కాదు

దెబ్బ తగలని ఆట కూడా ఆటేనా అని మీసం మెలేసే మగవాళ్ళకి మా పల్నాటిలో కొదవలేదు. నరసరావుపేట మొదలుకొని మాచర్ల దాకా ఏ అరుగుమీద చూసినా ఇద్దరు తగులుతారు. ఈ మాటలనే పెద్దమనుషులు చెడుగుడు కూతకి వెళ్ళి పాతికేళ్ళు దాటి ఉంటుంది. దెబ్బలు తినేది మాత్రం మన పిల్లలు.

మొన్న సంక్రాంతికి దగ్గర్లోని ఓ ఊళ్ళో ఆడపిల్లలకి కబడ్డీ పోటీలు పెట్టారు. ఊరి పేరెందుకు లెండి. డిగ్రీ చదువుతున్న మా పక్కింటమ్మాయి కూతకి వెళ్ళి, ఒకమ్మాయిని తాకి, నడిగీతవైపు ఉరికింది. వెనకనించి ఎవరో జడ దొరకపుచ్చుకుని ఒక్క లాగు లాగారు. పిల్ల వెల్లకిలా పడింది. అంపైరుగారు నిమ్మకు నీరెత్తినట్టు "అవుట్" అనేశారు. వారంరోజులు ఆ పిల్ల మెడ తిప్పలేకపోయింది. "ఇక చాల్లే తల్లీ, ఆటా వద్దు, కప్పులూ వద్దు" అంది వాళ్ళమ్మ. ఏ తల్లయినా అంతే కదండీ!

పక్క కుర్చీలోంచి మా బావగారు, "ఆటన్నాక ఇవన్నీ మామూలేనమ్మా. పల్నాటిగడ్డ మీద పుట్టి దెబ్బకి జడిస్తే ఎలా?" అన్నారు. వెనకనించి ఇంకొకాయన, "అంత జడెందుకు, కత్తిరించుకోవచ్చుగా" అని ఉచిత సలహా పారేశాడు. చూశారా, లాగిన చెయ్యి తప్పించుకుంది, నేరం జడమీద పడింది!

కబడ్డీ నిబంధనల్లో ఏముందో మీరే వినండి. కూతకొచ్చినవాళ్ళని కాళ్ళూ చేతులూ, నడుమూ మొండెమూ పట్టుకోవచ్చు. అంతే. కావాలని ఇంకెక్కడ పట్టుకున్నా, పట్టుకున్నవాళ్ళే అవుట్; కూతకొచ్చినవాళ్ళు కాదు. నోరు మూసి కూత ఆపకూడదు, గొంతు నొక్కకూడదు, కాళ్ళతో కత్తెర వెయ్యకూడదు. గోళ్ళు తీసుకోవాలి, నగలు పెట్టుకోకూడదు, ఒంటికి నూనె రాసుకోకూడదు. గాజులు తీసి రమ్మనే నిబంధన మాత్రం అందరికీ కంఠతా వచ్చు. జడ వదలమనేదే ఎవరికీ గుర్తుండదు, ఏమిటో!

చీలమండ పట్టొద్దని నేననడంలేదు. అది అసలైన పట్టు, చూడ్డానికీ ముచ్చట. నలుగురు గొలుసుకట్టి చుట్టేసినా సరే. కానీ కూతకి వెళ్ళే పిల్ల సంగతి ఆలోచించండి. అవతల ఏడుగురు, తను ఒక్కతి. ఊపిరి బిగబట్టి కూత విడవకుండా వెళ్ళాలి. వెనక్కి కాలు విసిరినప్పుడు ఒంటికాలి మీదుంటుంది, తిరిగి పరిగెత్తేటప్పుడు వీపు చూపించక తప్పదు. తనని తను కాచుకోలేని ఆ క్షణాన్ని కాయడానికే నిబంధన పుట్టింది.

ఇది మెత్తని వాళ్ళ గొడవని బావగారి అభిప్రాయం. అమెరికాలో మా మేనల్లుడింట్లో నాలుగు నెలలున్నప్పుడు వాళ్ళ ఫుట్‌బాల్ చూశాను. పేరుకి ఫుట్‌బాల్, చూస్తే పొట్టేళ్ళ పందెం. శిరస్త్రాణాలు పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకోవడమే పని. అలాంటి ఆటలోనూ బంతిని తన్నే మనిషి ఒక్కడి జోలికి పోకూడదట. తన్నేటప్పుడు అతని ఒక కాలు గాల్లో, బరువంతా రెండోకాలి మీద. అప్పుడొచ్చి పడితే ఆ కాలు ఇక పనికిరాదు. ఊరికే తగిలితే 5 గజాలు జరిమానా, గట్టిగా గుద్దితే 15 గజాలూ, ఆ పైన అవతలి జట్టుకి మళ్ళీ మొదటినించి ఆడే అవకాశమూ. ముందు బంతిని తాకి తర్వాత మనిషికి తగిలితే తప్పు లేదు. తగలకపోయినా తగిలినట్టు నాటకమాడి పడిపోతే ఆ తన్నినవాడికీ 15 గజాలు పడుతుంది. "నిబంధనలు పెడితే పిల్లలు నాటకాలాడతారు" అనేవారికి జవాబు అక్కడే ఉంది.

అంత దూరం ఎందుకు? పల్నాటి పౌరుషం అంటారే, ఆ కథే చూడండి. రాయబారానికని గురజాల వెళ్ళిన అలరాజుని చర్లగుడిపాడులో విషం పెట్టి చంపారని చెప్పుకుంటాం. అవతలివాళ్ళ గీత లోపలికి ఒంటరిగా వెళ్ళినవాడు! ఆ పని చేసినవాళ్ళని వీరులని మన తాతముత్తాతలెవరూ అనలేదు. ఆ చావు దగ్గర్నించే గదా కారెంపూడి దాకా వచ్చింది.

ఆసియా క్రీడల్లో ఆడవాళ్ళ కబడ్డీ 2010లో మొదలైంది. ఆ ఏడాదీ, 2014లోనూ బంగారు పతకం మనదే. 2018లో ఇరాన్ పిల్లలు ఎగరేసుకుపోయారు. 2023లో హాంగ్‌ఝౌలో మళ్ళీ గెలుచుకొచ్చాం. ఆ గెలిచిన పిల్లలంతా ఏదో ఒక ఊరి మట్టిలో మొదలుపెట్టినవాళ్ళే. "ఇక చాల్లే తల్లీ" అన్న మాట విని ఇంట్లో కూర్చున్నవాళ్ళెందరో ఎవరు లెక్కపెట్టారు?

వచ్చే సంక్రాంతికీ చందాకొస్తారు. వెయ్యి నూటపదహార్లు ఇస్తాను, కాదనను. ఆట మొదలెట్టే ముందు పట్టుకోదగ్గవేమిటో, కూడనివేమిటో మైకులో తెలుగులో చదవాలని, జడ లాగినవాళ్ళని అంపైరు అక్కడికక్కడే బయటికి పంపాలని చెప్పాను. "చందాకి షరతులేమిటమ్మా!" అన్నారు బావగారు.

"కోడిపందానికి ఏడేళ్ళ వనవాసం షరతు పెట్టిన గడ్డండీ ఇది" అన్నాను.