అనుమానం కేసు మీద ఒక పాట

చెరువు గట్టు మీద మోటారు పోయినా, ఎవరింట్లోనో బంగారం పోయినా ముందు ఏ పేట గుర్తొస్తుందో దివిసీమలో ఎవరూ మనకి చెప్పక్కర్లేదు. యానాది పేటే. ఆధారం అక్కర్లేదు, అనుమానం చాలు. ఈ అనుమానం మీద మన దగ్గర వినతిపత్రాలు ఉన్నాయి, ధర్నా ఫొటోలు ఉన్నాయి. పాట మాత్రం లేదు. ఒకరిద్దరు పెద్దోళ్ళ నోట్లో ఉన్నా రికార్డు లేదు.

ఇదే అనుమానం మీద లండన్‌లో ఒకాయన పాట రికార్డు చేశాడు. పేరు లింటన్ క్వేసీ జాన్సన్. 1952లో జమైకాలో పుట్టి, పదకొండేళ్ళ వయసులో లండన్ వచ్చాడు. అక్కడ పోలీసుల చేతిలో 1824 నాటి దేశదిమ్మరుల చట్టం ఉండేది. నేరం జరగనక్కర్లేదు, బాధితుడు ఉండనక్కర్లేదు. "వీడు ఏదో చేసేలా ఉన్నాడు" అని ఇద్దరు పోలీసులు సాక్ష్యం చెబితే కేసే. రోడ్డు మీద నిలబడ్డ నల్లజాతి కుర్రాళ్ళ మీద ఆ చట్టాన్ని తెగ వాడారు. జనం దానికి పెట్టుకున్న పేరు "సస్", అంటే అనుమానం.

1979లో వచ్చిన "ఫోర్సెస్ ఆఫ్ విక్టరీ" ఆల్బమ్‌లో జాన్సన్ ఆ చట్టం మీద ఒక కవిత చదివాడు. బ్రిక్స్‌టన్ జైలు నుంచి ఒక కొడుకు తల్లికి రాసే ఉత్తరం అది. బస్సు కోసం నిలబడ్డ తమ్ముణ్ణి పోలీసులు ఎలా పట్టుకున్నారో, ఎలా కొట్టారో, అడ్డుపడ్డ తను హత్య కేసులో ఎలా ఇరుక్కున్నాడో చెబుతాడు. నినాదాలు లేవు. కేకలు లేవు. వెనక రెగే బేస్, డ్రమ్ము నెమ్మదిగా నడుస్తుంటాయి. ఇంగ్లీషు కూడా బడి ఇంగ్లీషు కాదు. ఇంట్లో మాట్లాడుకునే జమైకా మాట, పలికినట్టే రాసిన మాట. దీన్నే డబ్ పొయెట్రీ అంటారు.

ఒక్క పాటతో ఆ చట్టం పోలేదు. నల్లజాతి తల్లులు ముందుండి ఏళ్ళ తరబడి పోరాడితే 1981లో సస్ రద్దయింది. కానీ ఆ తల్లులు మీటింగుల్లో చెప్పుకున్న గోడునే ఆ రికార్డు ఊరూరా వినిపించింది. పాట చేసే పని అదే. ఒక ఇంటి గోడు పది ఊళ్ళకి నోటికొస్తుంది. రేపు ఎవరైనా "అలాంటిదేం జరగలేదే" అంటే జనం ఒప్పుకోరు.

ఇప్పుడు మన కథ చూడండి. అదే తెల్లదొరలు 1871లో ఇక్కడ క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. 1911 తర్వాత మద్రాసు రాజ్యంలోనూ దాన్ని గట్టిగా అమలు చేశారు. ఎరుకల వాళ్ళని, నెల్లూరు వైపు యానాదుల్ని పుట్టుకతోనే నేరస్తులుగా లెక్కేశారు. రాత్రిళ్ళు హాజరీ, ఊరు దాటాలంటే అనుమతి. బాపట్ల దగ్గర స్టువర్ట్‌పురం అలా పుట్టిన సెటిల్‌మెంటే. 1952లో ఆ చట్టం పోయింది. దాని స్థానంలో రాష్ట్రాల్లో "అలవాటు నేరస్తుల" చట్టాలొచ్చాయి. పేరు మారింది, చూపు మారలేదు. 2024 అక్టోబర్ 3న జైళ్ళలో కుల వివక్ష కేసులో సుప్రీంకోర్టు, విముక్త జాతుల వాళ్ళని ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయకుండా చూడాలని పోలీసులకి చెప్పాల్సి వచ్చిందంటే ఆలోచించండి. ఆ తీర్పు వచ్చిందని మన పేటల్లో ఎంతమందికి తెలుసు? తీర్పు చదవడం రానోళ్ళకి పాట వినడం వచ్చు.

"మనకి పాటలు లేవా?" అని కొందరు అడుగుతారు. ఎందుకు లేవు! తెలుగునేల మీద పోరాటం ఎక్కడుంటే పాట అక్కడుంది. శ్రీకాకుళంలో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథని ఉద్యమంలోకి తెచ్చాడు, 1969లో ప్రాణం ఇచ్చాడు. వంగపండు గిరిజన పోరాటాన్ని ఉత్తరాంధ్ర యాసలోనే పాడాడు. గద్దర్ గొంగళి, గజ్జె, డప్పు మన కళ్ళ ముందే ఉన్నాయి. ఆ గొంతు కేసెట్ల మీద ఊరూరూ తిరిగింది. మన గుడివాడ వైపు నుంచే కె.జి. సత్యమూర్తి వచ్చాడు. శివసాగర్ పేరుతో కవిత్వం రాశాడు, విప్లవ పార్టీలోనూ కులం గురించి అడిగాడు. వీళ్ళందరికీ మనం రుణపడి ఉన్నాం.

అయినా ఒక మాట అనక తప్పదు. ఆ పాటల్లో ఆదివాసీ చాలాసార్లు వస్తువు, గాయకుడు కాదు. "రేలా" అనేది కోయ, గోండు పాటల్లోని మాట. అది విప్లవ పాటలోకి వెళ్ళింది, సినిమాలోకి వెళ్ళింది, ఒక టీవీ పోటీకి పేరు కూడా అయింది. ఆ మాట ఇచ్చిన కోయ అవ్వ పేరు ఎక్కడుంది? ఇక అడవి లేని ఆదివాసీ సంగతి చెప్పక్కర్లేదు. కాలవ గట్టున గుడిసె వేసుకుని, మడ అడవిలో పీతలు పట్టి, కుండలో పొగపెట్టి ఎలుకలు పట్టి, అడ్వాన్సు తీసుకుని రొయ్యల చెరువు కాపలా కాసే యానాది ఏ పాటలోనూ సరిగ్గా కనపడడు. మన పక్కనే కూచిపూడి ఉంది, క్షేత్రయ్య పుట్టిన మొవ్వ ఉంది. ఆ కళల్ని దాచుకోవడానికి సంస్థలున్నాయి, పుస్తకాలున్నాయి. సంతోషమే. పది మైళ్ళ ఇవతల మన అవ్వ పాట మాత్రం అవ్వతోనే పోతోంది.

"రెగేలు, ఆఫ్రికా వాయిద్యాలు మనకెందుకురా?" అనే పెద్దలకి ఒక మాట. హార్మోనియం కూడా పరదేశం నుంచి వచ్చిందే. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, నిజాం కొలువులో పనిచేసిన హబ్షీ సైనికుల పేట. వాళ్ళ వారసులు వాయించే మర్ఫా ఈరోజుకీ పెళ్ళి ఊరేగింపుల్లో మోగుతోంది. ఆఫ్రికా దరువు తెలుగువాళ్ళకి కొత్తదేం కాదు.

అయితే నేను చెప్పేది రెగేని కాపీ కొట్టమని కాదు. జింబాబ్వేలో థామస్ మాప్ఫుమో మొదట్లో మన డీజే కుర్రాళ్ళలాగే విదేశీ హిట్ పాటలే పాడేవాడు. తర్వాత తన షోనా జాతి పెద్దల పూజల్లో వాయించే ఎంబిరా దరువుని గిటార్ మీదికి ఎక్కించాడు. షోనా భాషలో, సామెతల చాటున తెల్ల ప్రభుత్వాన్ని ఎండగట్టాడు. 1979లో జైల్లో పెట్టారు. నైజీరియాలో ఫెలా కుటి అన్ని తెగలకీ అర్థమవ్వాలని బజారు ఇంగ్లీషులో పాడాడు. సైనికుల్ని ఎగతాళి చేసినందుకు 1977 ఫిబ్రవరిలో సైన్యం అతని ఇంటిని తగలబెట్టింది, తల్లిని కిటికీలోంచి కిందకి తోసింది. ఆమె మరుసటి ఏడాది చనిపోయింది. ఇద్దరూ నేర్పేది ఒకటే. వాయిద్యం ఎక్కడిదైనా ఫరవాలేదు, మాట, దరువు మన ఇంటివి కావాలి.

మన దేశంలోనూ ఈ దారి పడింది. 2006లో పంజాబ్‌లో బంత్ సింగ్ అనే దళిత గాయకుడి మీద దాడి జరిగింది. కూతురికి జరిగిన అన్యాయం మీద కోర్టుకెళ్ళాడన్న కక్ష అది. రెండు చేతులూ, ఒక కాలూ పోయాయి. పాట ఆగలేదు. వర్డ్ సౌండ్ పవర్ అనే రెగే బృందం ఆయన ఊరెళ్ళి ఆయన గొంతుతోనే రికార్డు చేసింది. తర్వాత ఒడిశాలో బాక్సైట్ తవ్వకాల మీద పోరాడుతున్న కోండు ఆదివాసీల పాటలూ రికార్డు చేసింది. ఆ కాశీపూర్ ప్రాంతంలోనే 2000 డిసెంబర్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు ఆదివాసీలు చనిపోయారు.

మిత్రులారా, వచ్చే ఆగస్టు 9కి మన పేటల్లో మళ్ళీ డీజే బాక్సులొస్తాయి, సినిమా పాటలే మోగుతాయి. ఈసారి ఒక్క పని చేద్దాం. పేటకి ఒక పాట. కులం సర్టిఫికెట్ కోసం ఆఫీసు చుట్టూ తిరిగిన పాట కావొచ్చు, అడ్వాన్సు తీరని చెరువు పాట కావొచ్చు, అనుమానం కేసు పాట కావొచ్చు. స్టూడియో అక్కర్లేదు. ఫోన్, గాలి లేని చోటు, డప్పో, లేకపోతే రేకు డబ్బానో చాలు. దరువు కలిపే కుర్రాళ్ళు మనలోనే ఉన్నారు.

మూడు షరతులు మాత్రం గట్టిగా పెట్టుకుందాం. పాడినవాళ్ళ పేరు, పేట పేరు పాటతోపాటే వెళ్ళాలి, వాళ్ళు వద్దంటే తప్ప. దేవర పాటలు పెద్దలు ఒప్పుకోకుండా రికార్డు చేయకూడదు. యాసని ఎవరూ "సరిచేయకూడదు". మన అమ్మ ఎలా పలికితే అలాగే ఉండాలి. బళ్ళో ఆ యాసకి నవ్వారని మనలో చాలామంది నోరు మూసుకున్నాం. లండన్‌లో జాన్సన్ ఇంటి మాటకీ నవ్వినవాళ్ళు ఉన్నారు. 2002లో పెంగ్విన్ వాళ్ళు తమ మోడరన్ క్లాసిక్స్ వరసలో ఆ మాటనే అచ్చేశారు.

పాటతో పట్టా రాదు, కేసు కొట్టెయ్యరు. అవి పోరాడి తెచ్చుకోవాల్సిందే. కానీ రేపు స్టేషన్‌లో మన తమ్ముణ్ణి కూర్చోబెట్టినప్పుడు, బయట నిలబడ్డ పదిమందికీ చెప్పాల్సిన మాట ముందే నోటికొచ్చి ఉంటే ఆ పదిమందీ వెనక్కి వెళ్ళరు. మన పెద్దోళ్ళు ఉండగానే మొదలుపెడదాం.

జై ఆదివాసీ!