రోళ్ళు పగిలే ఎండల్లో రోకలి ఎవరిది?



వైశాఖమాసం వచ్చిందంటే మా మిత్రబృందం నలుగురం ప్రతి సాయంకాలం ఎవరో ఒకరి డాబామీద చేరడం కొన్నేళ్ళుగా ఆనవాయితీ. నలుగురమూ ఉద్యోగ విరమణ చేసినవాళ్ళమే. ఒకరు తాటిముంజలు తెస్తారు, మరొకరు చిన్నరసాలు తెస్తారు. తిట్టుకోవడానికి ఉక్కపోత, దోమలు, కరెంటు కోత ఎలాగూ ఉన్నాయి. చీకటి పడి కాస్త గాలి తిరిగేసరికి సంభాషణ తప్పకుండా ఒకచోటికే చేరుతుంది: "ఆ రోజుల్లో వేసవి ఎంత హాయి!"

మొన్నటి సాయంకాలమూ అంతే. ఆవకాయ ముద్ద, కూజా నీళ్ళు, వట్టివేళ్ళ తడికల పరిమళం, ఆరుబయట నులకమంచం, నక్షత్రాలు. ఒకరి మాటమీద మరొకరం మురిసిపోతున్నాం. మజ్జిగ గ్లాసులతో మెట్లెక్కి వచ్చిన మా మిత్రుని ఇల్లాలు ఒక్క క్షణం నిలబడి విన్నది. "అన్నయ్యగారూ, మీరు చెప్పే వేసవి ఏ ఊళ్ళో వచ్చిందండీ? మా ఊళ్ళోనూ వేసవి వచ్చేది గానీ, మాకు ఇంత హాయిగా ఉన్నట్టు గుర్తులేదే!" అన్నది. అందరం నవ్వాము. ఇంటికి పోతూ దారిలో నాకు మళ్ళీ నవ్వు రాలేదు.

ఆమె అన్నది నిజం. మన వేసవి జ్ఞాపకాలు అబద్ధాలని నేననను. అవి జమ మాత్రమే రాసి ఖర్చు రాయని పద్దులు. ఆ సుఖాలకు చెమటోడ్చింది ఎవరో మనం ఎన్నడూ రాయలేదు.

ఆవకాయ సంగతే చూడండి. దాని రుచిని వర్ణించని తెలుగువాడు లేడు. కాయలు కడిగి, తడి లేకుండా తుడిచి, టెంకతోసహా కత్తిపీటమీద కొట్టి, జీడి తీసి, పొర గీకి, ముక్కముక్కనూ మళ్ళీ గుడ్డతో తుడవాలి. మిరపకాయలూ ఆవాలూ ఎండబెట్టి దంచి జల్లించాలి. కారం ఘాటుకు కళ్ళు మండుతుంటే పైటకొంగుతో తుడుచుకోవడానికి కూడా వీలుండదు, ఆ చేతికీ కారమే. జాడీలకెత్తి వాసెన కట్టి, మూడోనాడు తిరగ కలపాలి. ఇదంతా నడివేసవిలో, గాలి చొరని వంటింట్లో. "రోహిణీకార్తెలో రోళ్ళు పగులుతాయి" అని మన సామెత. రోలు పగలడాన్ని గమనించిన లోకం, ఆ రోటి దగ్గర రోకలి పట్టుకున్నదాన్ని గమనించలేదు! మా అమ్మ చేతులు రెండు రోజులు మండేవి. వెన్న రాసుకునేది. ఆ వెన్న వాసన నాకు జ్ఞాపకమే గానీ, అరవై దాటేవరకు దాన్ని నా వేసవి కథలో చేర్చాలని తోచలేదు.

ఆరుబయట పడక సంగతీ అంతే. సంధ్యవేళ డాబామీద నీళ్ళు చల్లితే గదా రాత్రికి చల్లబడేది. కొళాయిలు లేని ఆ కాలంలో బావిలో తోడి, బిందెలతో మెట్లెక్కించినవారు మా అక్కలు. పడకవేళకు పైన మంచాలు మగవాళ్ళవీ పిల్లలవీ. అమ్మ, పెద్దమ్మ లోపలి వసారాలో విసనకర్ర పట్టుకుని పడుకునేవారు. ఆ విసనకర్ర కూడా చంటిపిల్లవాడి వైపే తిరిగి ఉండేది.

ఇక ముంజలు. మోకు నడుముకు తగిలించుకుని నిలువుతాడి ఎక్కి, గెల నరికి, తాడుతో మెల్లగా దించే గీతకార్మికునికి పట్టు తప్పితే బతుకే తప్పుతుంది. దించిన కాయలు చెక్కి, ముంజ చితక్కుండా తీసి, రోడ్డువార ఎండలో కూర్చుని అమ్మే మనిషితో మనం చేసేది బేరం. డజనుకు రెండు కొసరు వేయించుకుని విజయగర్వంతో డాబా ఎక్కుతాం. ఆ గర్వం నాకూ ఉన్నది, అందుకే రాస్తున్నాను.

ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి. కాళిదాసుదని చెప్పే 'ఋతుసంహారం' గ్రీష్మంతోనే ఆరంభమవుతుంది. రాయలవారి 'ఆముక్తమాల్యద'లో గ్రీష్మ వర్ణన ఎంత ఘనమైనదో పండితులకు చెప్పనక్కరలేదు. కావ్యాల్లోని చందన చర్చలకూ వింజామరలకూ ప్రతిపదార్థ తాత్పర్యాలు చెప్పాను. వింజామర వీచే చేతికి చెమట పట్టదా అని ఒక్క విద్యార్థీ అడగలేదు. అడిగేటట్టు నేను పాఠం చెప్పలేదు.

"ఇదంతా గడిచిపోయిన కాలం, ఇప్పుడు తవ్వి ఏం లాభం మాష్టారూ?" అని మా మిత్రుడొకరు ఆక్షేపించారు. గడిచిపోతే నేను కలం పట్టేవాణ్ణి కాదు. పద్దు అలాగే ఉన్నది, పేర్లు మారాయి.

నా సంగతే చెబుతాను. గుండె బలహీనంగా ఉన్నదని వైద్యులు హెచ్చరించాక మూడేళ్ళ క్రితం పడకగదిలో ఏసీ పెట్టించుకున్నాను. దాన్ని తప్పని నేను అనను. వృద్ధులకూ రోగులకూ అది విలాసం కాదు, అవసరం. అయితే దాని బయటిపెట్టె పక్కింటి వంటగది కిటికీవైపు వేడిగాలి ఊదుతున్నదన్న సంగతి, ఆ ఇల్లాలు మొహమాటపడుతూ చెప్పేదాకా నాకు తెలియలేదు. ఏసీ చల్లదనాన్ని పుట్టించదు, గదిలోని వేడిని బయటికి తోస్తుంది. బయట ఎవరున్నారో చూడటం మన బాధ్యత. దాన్ని పైకప్పుమీదికి మార్పించాను. ఆమెకు క్షమాపణ చెప్పాను.

2015 మే నెలలో ఉభయ తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు వెయ్యిమందికి మించి మరణించారు. వారిలో కూలీనాలీ జనమూ వృద్ధులూ ఎక్కువ. ఏటా ప్రభుత్వాలు సలహా ఇస్తాయి: మిట్టమధ్యాహ్నం ఎండలోకి పోవద్దు. మంచి సలహాయే. ఇంట్లో కూర్చున్నా పింఛను వచ్చే నాబోటివాడు దాన్ని చక్కగా పాటించగలడు. పోకపోతే ఆనాటి కూలి పోయేవాడు ఎలా పాటిస్తాడు? మన కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ ఎందరో పొట్టకూటికి పోయే కువైటులో జూన్ మొదటి తేదీ నుంచి ఆగస్టు ఆఖరు దాకా ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు ఆరుబయట పని చేయించడం నిషిద్ధం. అక్కడ అంతా సవ్యంగా ఉన్నదని నా వాదన కాదు. కానీ ఆ మాట శాసనంలో ఉన్నది. మా వీధి చివర కడుతున్న మేడమీద మధ్యాహ్నం రెండు గంటలకు తట్టలు మోస్తున్న ఆడకూలీలను నేను నీడలో నిలబడి చూశాను. ఆ ఎండకు నేను పావుగంట తాళలేను.

జ్ఞాపకాలు రాయవద్దని నేననను. ముంజలు మానమనీ, ఆవకాయ మరవమనీ అసలే అనను. రాసేటప్పుడు రెండో పక్క కూడా రాయండి. మన పిల్లలు దూరదేశాల్లో కూర్చుని ఆ రాతలు చదివి, తాతగారి వేసవి స్వర్గమని నమ్మి, నానమ్మను మరచిపోకుండా ఉంటారు. ఇక చేయవలసినవి: ముంజలమ్మే మనిషితో బేరం ఆడకండి. మిట్టమధ్యాహ్నం సరుకులు తెప్పించుకోకండి, సాయంకాలం దాకా ఆగితే ఆకలితో పోము. తప్పనిసరై తెప్పించుకుంటే, తెచ్చిన కుర్రవాణ్ణి గుమ్మంలో నిలబెట్టకుండా నీడకు పిలిచి మంచినీళ్ళివ్వండి. గేటు బయట మూతపెట్టిన కుండా, ఒక గ్లాసూ పెట్టడానికి చందాలూ ఫ్లెక్సీలూ అక్కరలేదు.

నిన్నటి నుంచి మా డాబా సభకు మజ్జిగ చేయడం వంతులవారీగా మగవాళ్ళ పని అని తీర్మానించాము. తొలివంతు నాది. ఉప్పు ఎక్కువైంది. మా మిత్రుని ఇల్లాలు కుర్చీలో కూర్చుని, ఒక గుక్క తాగి, "అన్నయ్యగారూ, ఇప్పుడు వేసవి మా ఊళ్ళోకి కూడా వచ్చిందండీ!" అన్నది.

గ్లాసులు కడగవలసింది కూడా మేమేనని ఆ తరువాత తెలిసింది.