జెర్బోది తప్పా, నాదా?

మొన్నామధ్య ఓ శనివారం కేకు చేయబోయి పాడు చేశాను. పాడైనందుకు పెద్ద బాధ లేదు. పాడు చేసిందీ నేనే, తిన్నాక "ఈ హంగేరీ వాళ్ళకి రుచీ పచీ తెలీదు" అని తీర్పు చెప్పిందీ నేనే. ఆ రెండోదాని గురించే ఈ గోలంతా.

ముందు అసలు సంగతి. జెర్బో అని హంగేరీ వాళ్ళు క్రిస్మస్‌కి ఇళ్ళల్లో చేసుకునే వంటకం. ఈస్ట్ కలిపిన పిండి మూడు పొరలు. వాటి మధ్య రెండు వరసల్లో ఆప్రికాట్ జామ్, దాని మీద పంచదార కలిపిన అక్రోట్ పొడి. ట్రేలో కాల్చి, పైన డార్క్ చాక్లెట్ పూసి, ముక్కలు కోస్తారు. అంతే.

నేనేం చేశానయ్యా అంటే, అక్రోట్లు ఖరీదని వేరుశెనగపప్పు వేశాను. ఫ్రిజ్‌లో ఉంది కదా అని మిక్స్‌డ్ ఫ్రూట్ జామ్ పూశాను. డార్క్ చాక్లెట్ చేదని మిల్క్ చాక్లెట్. పిండి మరీ చప్పగా ఉందని అందులో అరకప్పు పంచదార. చివరికి తయారైంది బిస్కెట్ల మధ్య ఇరుక్కున్న పల్లీపట్టి. ఒక్క ముక్కకే మొహం మొత్తింది.

మా రూమ్మేట్ ఒక ముక్క తిని, "ఒరేయ్, గోంగూర బదులు పాలకూర వేసి, ఆంధ్రావాళ్ళ పచ్చడిలో పులుపే లేదన్నట్టుంది నీ వరస" అన్నాడు. ఆ దెబ్బకి నోరు మూతపడింది.

తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే అర్థమైంది, అందులో ప్రతిదానికీ ఓ పని ఉంది. తీపంతా జామ్, అక్రోట్ పొడి చూసుకుంటాయి కాబట్టే పిండి చప్పగా ఉంటుంది. వెన్న, అక్రోట్ల జిడ్డుకి ఆప్రికాట్ పులుపు విరుగుడు. అక్రోట్ పొట్టు వగరూ, చాక్లెట్ చేదూ కలిసి తీపిని అదుపులో పెడతాయి. నేను పులుపు, చేదు, చప్పదనం మూడూ పీకేసి తీపి ఒక్కటే మిగిల్చాను. ఇదే పని క్లయింట్ చేసి, నాలుగు రిక్వైర్‌మెంట్లు మార్చేసి "మీ డిజైన్ బాలేదు" అంటే, వారం రోజులు టీ బ్రేకుల్లో తిట్టుకోమూ?

అలాగని ఏదీ మార్చకూడదని కాదు. అసలు జెర్బో అన్నది హంగేరీ పేరే కాదు. ఎమిల్ జెర్బో జెనీవా దగ్గర పుట్టిన స్విస్ మిఠాయి నిపుణుడు. 1884లో బుడాపెస్ట్‌లో హెన్రిక్ కుగ్లర్ దుకాణంలో భాగస్వామిగా చేరి, తర్వాత దాన్ని తనే కొనుక్కున్నాడు. కమ్యూనిస్టుల కాలంలో దుకాణం మీంచి ఆయన పేరు తీసేశారు, మళ్ళీ 1984లో పెట్టారు. కేకుకి మాత్రం ఆయన ఇంటిపేరునే హంగేరీ స్పెల్లింగ్‌లో రాసుకుంటారు. బయటివాడి పేరుని అంత సొంతం చేసుకున్నవాళ్ళు మన మార్పులకి ఏమనుకుంటారు?

కాకపోతే దేని పని ఏంటో తెలిసి మార్చాలి. రెండోసారి హైదరాబాదీ పద్ధతిలో ఎండు ఖుబానీలు రాత్రంతా నానబెట్టి, గింజలు తీసి, కొంచెం పంచదారతో దగ్గరగా ఉడికించి నిమ్మరసం పిండాను. ఖుబానీ అంటే ఆప్రికాటే కదా! పుల్లటి క్రీమ్ బదులు, బట్టలో కట్టి నీళ్ళు వార్చిన పెరుగు. 250 గ్రాముల మైదాకి 125 గ్రాముల వెన్న, ఒక పచ్చసొన, 150 గ్రాముల అక్రోట్లు. పై పొరని ఫోర్కుతో పొడిచి, 180 డిగ్రీల దగ్గర 35 నిమిషాలు. చల్లారాక చాక్లెట్. మర్నాటిదాకా ముట్టుకోలేదు, ఎందుకంటే జామ్ తడి పొరల్లోకి ఇంకాలి. వేడినీళ్ళలో ముంచిన చాకుతో కోస్తే చాక్లెట్ పగల్లేదు. ఈసారి రూమ్మేట్ మాట్లాడకుండా నాలుగు ముక్కలు లాగించాడు.

ఇదంతా కేకు గొడవే కాదు. ఆన్‌సైట్ వెళ్ళి, ఆఫీసు క్యాంటీన్లో ఒక సాండ్‌విచ్ తిని "వీళ్ళకి వంటే రాదు" అనేసేవాళ్ళం మనలో ఎంతమందిమి లేము? అదే మన ఆవకాయని ఎవరైనా వేలితో నాకి "ఉత్త కారం" అంటే మాత్రం ఒళ్ళు మండిపోతుంది.

అందుకే నా మటుకు నేను ఓ రూలు పెట్టుకున్నాను. మొదటిసారి వాళ్ళు చేసినట్టే చెయ్యాలి. రెండోసారి నుంచి ఒక్కొక్కటే మార్చాలి. తీర్పు ఆ తర్వాతే. కోడ్‌లో బగ్ వెతికేటప్పుడు ఒకేసారి నాలుగు లైన్లు మార్చం కదా, వంటింట్లో మాత్రం ఎందుకు మారుస్తాం?